డబ్బు ఎవరి అకౌంట్లో పడింది? తీసుకోని లోన్ల కేసు ఒకటి, మొదటి నుంచి చివరి దాకా

హన్మకొండలో లాయర్‌గా నా ప్రాక్టీసులో కొన్నేళ్ళుగా ఒకే రకం కేసు మళ్ళీ మళ్ళీ వస్తోంది. తీసుకోని లోన్‌కి రికవరీ వాళ్ళు ఫోన్ చేస్తారు, సిబిల్ పడిపోతుంది, ఇంటి లోన్ రిజెక్ట్ అవుతుంది, అప్పుడు గానీ మనిషికి తెలీదు తన పాన్ కార్డు మీద ఇంకెవరో బతికేస్తున్నారని. అలాంటి ఒక కేసు ఇక్కడ పూర్తిగా రాస్తున్నా. ఈ రకం గొడవల్లో వచ్చే చిక్కులు దాదాపు అన్నీ ఈ ఒక్క కేసులోనే వచ్చాయి. క్లయింట్ సరేనన్నాకే రాస్తున్నా, ఆయన్ని గుర్తుపట్టే వివరాలు మార్చేశా, కంపెనీల పేర్లు కావాలనే రాయట్లేదు.

ఆయన ఆర్టీసీ కండక్టర్, వయసు నలభై ఏడు. కాజీపేట దగ్గర చిన్న ప్లాట్ ఉంది, ఇల్లు కట్టుకుందామని 2024 ఆగస్టులో జీతం పడే బ్యాంకులోనే హోమ్ లోన్‌కి అప్లై చేశారు. మేనేజర్ స్క్రీన్ చూసి "మీ మీద మూడు లోన్లు డిఫాల్ట్‌లో ఉన్నాయి కదా" అన్నాడట. ఈయన జీవితంలో తీసుకున్నది ఒక్క బండి లోన్, అది ఎప్పుడో తీరిపోయింది. "నేను యాప్ లోన్ అనేదే ఎన్నడూ ముట్టలేదు మేడమ్, నా బిడ్డ మీద ఒట్టు" అని కూర్చున్నారు నా ముందు. ఒట్లు అక్కర్లేదన్నా, ముందు రిపోర్టులు తీద్దాం అన్నా.

రిపోర్టులు అని బహువచనంలో ఎందుకు అంటున్నానంటే, జనం సిబిల్ ఒక్కటే అనుకుంటారు కానీ మన దేశంలో క్రెడిట్ బ్యూరోలు (అందరి లోన్ల రికార్డు ఉంచి స్కోరు ఇచ్చే సంస్థలు) నాలుగు, ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, సీఆర్ఐఎఫ్ హైమార్క్. ఒక్కో బ్యూరో నుంచి ఏడాదికి ఒక ఫుల్ రిపోర్ట్ ఫ్రీగా తీసుకోవచ్చు, ఆర్‌బీఐ 2017 నుంచి ఈ వీలు పెట్టింది. నాలుగూ తీశాం. సిబిల్‌లో స్కోరు 561 ఉంది. అందరూ ఆ నంబర్ దగ్గరే ఆగిపోయి ఏడుస్తారు, నేను మాత్రం స్కోరు చూడను, దాని మీద ఫిర్యాదు చేసినా ఎవరూ పట్టించుకోరు, కింద ఉన్న ఎంట్రీలు సరిచేస్తే స్కోరు దానంతట అదే లేస్తుంది.

రిపోర్ట్‌లో నేను ముందు చదివేది చివరి పేజీల్లో ఉండే ఎంక్వైరీల లిస్ట్. ఏ కంపెనీ ఏ తేదీన మన రిపోర్ట్ అడిగిందో అక్కడ ఉంటుంది, దొంగ ఎక్కడెక్కడ ప్రయత్నించాడో మొత్తం వరసగా కనపడుతుంది. ఈయన రిపోర్ట్‌లో ఏళ్ళ తరబడి ఒక్క ఎంక్వైరీ లేదు, 2023 అక్టోబర్ మూడో వారంలో ఒక ఫోన్ ఈఎంఐ కంపెనీ ఎంక్వైరీ పడింది, ఆ తర్వాత నవంబర్ అంతా వరసపెట్టి యాప్ లోన్ల ఎంక్వైరీలే. ఆ మొదటి తేదీ ఆయనకి చూపించి ఆ రోజు ఏం చేశారో గుర్తు తెచ్చుకోండి అన్నా. దసరా ముందు వారం అది. కాసేపు ఆలోచించి, "బిడ్డకి ఫోన్ కొందామని ఒక షాపుకి పోయినం, ఈఎంఐ రాదన్నడు, ఎల్లొచ్చినం" అన్నారు. షాపు కుర్రాడికి పాన్, ఆధార్ ఫొటోలు వాట్సాప్‌లో పంపారంట. ఆ చాట్ ఇంకా ఫోన్లో ఉంది, రెండు ఫొటోలు, పక్కన నీలం టిక్కులు, తేదీ, టైము, దాని కింద ఈయన పెట్టిన "వచ్చిందా తమ్మీ" అన్న మెసేజ్, దానికి జవాబు లేదు. చాట్‌ని ఉన్నది ఉన్నట్టు బ్యాకప్ తీయించా, ఫోన్ మార్చొద్దు, అమ్మొద్దు, రీసెట్ చేయొద్దు అని చెప్పా. స్క్రీన్‌షాట్ ఒక్కటే ఉంటే రేపు కోర్టులో సరిపోదు, అసలు ఫోన్ ఉండాలి, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సాక్ష్య అధినియం (పాత ఎవిడెన్స్ యాక్ట్ స్థానంలో వచ్చిన చట్టం) 63 సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి.

రిపోర్ట్‌లో ఇంకో పేజీ ఎవరూ చదవరు, కాంటాక్ట్ వివరాలు. ఈయన సొంత నంబర్‌తో పాటు తెలియని ఫోన్ నంబర్లు రెండు, పుణె అడ్రస్ ఒకటి, ఎవరిదో ఈమెయిల్ ఒకటి చేరి ఉన్నాయి. వెంటనే కేంద్ర టెలికాం శాఖ వాళ్ళ సంచార్ సాథీ వెబ్‌సైట్లో ఆయన పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూశాం, ఆ రెండు నంబర్లలో ఒకటి ఈయన పేరు మీదే యాక్టివ్‌గా ఉంది! అంటే లోన్ ఓటీపీలు ఈయన పేరు మీద తీసిన సిమ్‌కే వెళ్ళాయన్నమాట, ఈయన ఫోన్‌కి ఒక్క మెసేజ్ కూడా ఎందుకు రాలేదో అక్కడ తేలింది. "నాట్ మై నంబర్" కొట్టి రిపోర్ట్ చేశాం, కానీ దాని కన్నా ముందు ఆ పేజీ ప్రింట్ తీసిపెట్టా, ఎందుకంటే సిమ్ కట్ అయ్యాక ఆ ఆధారం స్క్రీన్ మీద ఉండదు.

ఇప్పుడు లోన్లు. ఒకటి ఫోన్ ఈఎంఐ లోన్, 38 వేలు. రెండోది ఒక యాప్ ద్వారా ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ) ఇచ్చిన పర్సనల్ లోన్, 60 వేలు. మూడోది పది వేల క్రెడిట్ లైన్, అంటే కావాల్సినప్పుడు వాడుకునే అప్పు, దాన్ని అప్పటికే రైటాఫ్ చేసి (రాని బాకీ కింద రాసేసి) వేరే కంపెనీకి అమ్మేశారు. మొత్తం లక్షా ఎనిమిది వేలు అసలే, వడ్డీలు పెనాల్టీలు కలిపి రికవరీ వాళ్ళు చెప్పే లెక్క ఎక్కడికో పోయింది.

ఇక్కడ ఆయన బావమరిది ఒక మాట అన్నాడు, ప్రతి కేసులో ఎవరో ఒకరు ఈ మాట అంటారు కాబట్టి రాస్తున్నా: "ఆ పది వేలదన్నా కట్టేసి సెటిల్ చేస్కో బావా, పీడా పోతది." దయచేసి ఈ పని చెయ్యకండి. ఒక్క రూపాయి కట్టినా ఆ లోన్ నాదే అని ఒప్పుకున్నట్టు వాదిస్తారు, పైగా లిమిటేషన్ చట్టం 19 సెక్షన్ ప్రకారం పేమెంట్ జరిగితే వాళ్ళకి దావా వేసే గడువు కొత్తగా మొదలవుతుంది అని కూడా ఎత్తుకుంటారు. అంతా చేసి రిపోర్ట్‌లో పడేది "సెటిల్డ్" అనే మచ్చ, బ్యాంకు వాళ్ళ కంటికి సెటిల్డ్ అంటే ఈ మనిషి అప్పు పూర్తిగా కట్టలేదు అని అర్థం. మనకి కావాల్సింది ఆ ఎంట్రీ మొత్తంగా పోవడం. 15 వేలు ఇస్తే సిబిల్ క్లీన్ చేస్తాం అనే ఏజెంట్లు కూడా ఈయనకి తగిలారు, వాళ్ళ చేతుల్లో ఏమీ ఉండదు, ఎంట్రీ మార్చగలిగింది లోన్ ఇచ్చిన కంపెనీ, బ్యూరో, ఈ ఇద్దరే.

నా పద్ధతి ఏంటంటే, లోన్ నాది కాదు నాది కాదు అని పేజీలు పేజీలు మొరపెట్టుకోవడం మానేసి కంపెనీని సూటిగా అడగడం. లోన్ నాదే అంటున్నారు కదా, చూపించండి. ప్రతి కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి, నోడల్ ఆఫీసర్‌కి ఈమెయిల్, రిజిస్టర్డ్ పోస్ట్ రెండూ పంపించాం, అందులో అడిగినవి ఇవి: లోన్ అగ్రిమెంట్, కేవైసీ (కస్టమర్ ఎవరో చూసుకునే పద్ధతి) కింద తీసుకున్న పాన్ ఆధార్ ఇమేజ్‌లు, సెల్ఫీ లేదా వీడియో కేవైసీ, ఓటీపీ ఏ నంబర్‌కి వెళ్ళింది, ఏ ఐపీ అడ్రస్ నుంచి సైన్ అయింది, అన్నిటికంటే ముఖ్యం డబ్బు ఏ అకౌంట్లో పడింది, ఆ ట్రాన్స్‌ఫర్‌కి పడే యూటీఆర్ నంబర్ ఏంటి. అప్పట్లో అమల్లో ఉన్న ఆర్‌బీఐ 2022 సెప్టెంబర్ డిజిటల్ లెండింగ్ గైడ్‌లైన్స్ ప్రకారం లోన్ డబ్బు నేరుగా బారోయర్ బ్యాంక్ అకౌంట్లోకే పోవాలి, ఏదైనా వస్తువు కోసం ఇచ్చే లోన్ అయితే అమ్మినవాడికి పోవచ్చు. కాబట్టి ఆ అకౌంట్ ఎవరిదో చెప్పలేని కంపెనీ లోన్ ఈయనదే అని చెప్పలేదు. లెటర్‌లో రాయకూడని మాటలు కూడా ఉన్నాయి, "నా లోన్ విషయంలో", "నా బకాయి తగ్గించగలరు" లాంటివి, అలవాటుగా చేతికి వచ్చేస్తాయి, ప్రతి చోటా "నా పేరు మీద మోసంతో తెరిచిన అకౌంట్" అనే రాయించా.

వాళ్ళ జవాబు వచ్చేలోపు మేమే ఆ అకౌంట్ జాడ కనుక్కున్నాం. ఇన్‌కమ్ టాక్స్ పోర్టల్‌లో ఏఐఎస్ అని ఉంటుంది, మన పాన్ మీద ఆ ఏడాది నమోదైన వడ్డీలు, లావాదేవీలు అందులో కనిపిస్తాయి. ఈయన జీతం మీద టీడీఎస్ (జీతంలోంచి కోసే పన్ను) చూసుకోవడం తప్ప ఏఐఎస్ ఎన్నడూ తెరవలేదు. 2023-24 ఏడాదికి తెరిస్తే సొంత బ్యాంకు వడ్డీ కింద ఇంకో లైన్ ఉంది, ఈయనకి అకౌంటే లేని ఒక బ్యాంకు, సేవింగ్స్ వడ్డీ 14 రూపాయలు. పద్నాలుగు రూపాయలే! ఆ లైన్ లేకపోతే ఆ అకౌంట్ మాకు ఎప్పటికి తెలిసేదో. ఈయన పాన్ మీద ఎవరో ఆన్‌లైన్లో సేవింగ్స్ అకౌంట్ తెరిచి, అందులోకి లోన్లు వేయించుకుని, ఖాళీ చేసి వదిలేశారు. అంటే కంపెనీ వాళ్ళు పేరు మ్యాచ్ చేసి చూసినా మ్యాచ్ అవుతుంది, అకౌంట్ కూడా ఈయన పేరు మీదే కదా. పాన్ మిస్‌యూజ్ అనుమానం ఉన్న ప్రతి ఒక్కరూ క్రెడిట్ రిపోర్ట్‌తో పాటు ఏఐఎస్ కూడా తెరవండి అని నేను ఇంతగా చెప్పేది ఇందుకే. లోన్లు మాత్రమే చూస్తే అకౌంట్ కనపడదు, ఆ అకౌంట్ అలాగే ఉంటే రేపు ఇంకో మోసం డబ్బు అందులో పడి, ఇంకో రాష్ట్రం పోలీసులు ఈయన తలుపు కొడతారు.

ఆ బ్యాంకుకి వేరే లెటర్, అకౌంట్ ఫ్రీజ్ చేయండి, ఓపెనింగ్ ఫారం, కేవైసీ భద్రపరచండి అని. భద్రపరచండి అనే మాట తప్పకుండా రాయాలి, క్లోజ్ చేయండి అని మాత్రమే రాస్తే క్లోజ్ చేసేసి చేతులు దులుపుకుంటారు.

పోలీస్ కంప్లైంట్ సంగతి. సైబర్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయడం, నేషనల్ సైబర్ క్రైమ్ పోర్టల్లో పెట్టడం అందరూ చెప్పేదే. 1930 బాగా పనికొచ్చేది డబ్బు అప్పుడే పోయినప్పుడు, వెంటనే ఆపించడానికి. ఏడాది కిందటి లోన్ కేసులో పోర్టల్ అక్నాలెడ్జ్‌మెంట్ ఒక కాగితంగా పనికొస్తుంది అంతే, మనకి కావాల్సింది ఎఫ్ఐఆర్. ఒక స్టేషన్లో "కంపెనీ ముంబైలో ఉంది, అక్కడ పెట్టుకోండి" అన్నారు. నాగరిక్ సురక్ష సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 173 సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా సరే ఏ స్టేషన్లో అయినా సమాచారం తీసుకోవాలి, తీసుకోకపోతే పై అధికారికి రాతపూర్వకంగా పంపొచ్చు. అదే రాసి పంపాం, ఎఫ్ఐఆర్ అయింది.

సెక్షన్ల దగ్గర ఒక చిక్కు ఉంది. ఎఫ్ఐఆర్ అయింది 2024 సెప్టెంబర్లో కాబట్టి మొదట డ్రాఫ్ట్‌లో ఐపీసీ స్థానంలో వచ్చిన న్యాయ సంహిత సెక్షన్లు వేశారు, కానీ నేరం జరిగింది 2023 అక్టోబర్, నవంబర్లలో, న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది 2024 జూలై 1న. కాబట్టి నేరానికి పాత ఐపీసీ 419, 420, 468, 471 పడాలి, ప్రొసీజర్ మాత్రం కొత్తది నడుస్తుంది, దాంతో పాటు ఐటీ యాక్ట్ 66సి, 66డి. ఐడెంటిటీ దొంగతనానికి అసలు సెక్షన్ ఆ 66సి, మూడేళ్ళ దాకా జైలు, లక్ష దాకా ఫైన్. ఇది ముందే సరిచేయించకపోతే రేపు ఛార్జ్‌షీట్ దగ్గర అవతలి లాయర్‌కి మనమే పని తేలిక చేసినట్టు.

ఎఫ్ఐఆర్ కాపీ చేతికొచ్చాక మొదటి కంపెనీ, ఫోన్ ఈఎంఐది, పెద్దగా పేచీ పెట్టలేదు. వాళ్ళు పంపిన కేవైసీ తెరిచినప్పుడు ఆయన మొహం నేను చూశా. సెల్ఫీలో పాతికేళ్ళ కుర్రాడు, గడ్డం, వెనకాల షాపు రాక్‌లో ఫోన్ డబ్బాలు. పాన్ ఇమేజ్‌లో నంబర్, పుట్టిన తేదీ, సంతకం ఈయనవే, ఫొటో ఉండాల్సిన చోట ఆ కుర్రాడి ఫొటో, చుట్టూ సన్నటి తెల్ల అంచు కూడా కనపడుతోంది. పుట్టిన తేదీ ప్రకారం నలభై ఆరేళ్ళు ఉండాల్సిన మనిషి స్థానంలో పాతికేళ్ళ మొహం, దీన్ని అప్రూవ్ చేశారు! ఆ ఇమేజ్‌తో పాటు ఆయన ఆర్టీసీ ఐడీ కార్డు, సర్వీస్ రికార్డు మొదటి పేజీ పెట్టి, ఆ రోజు మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా ఆయన ఏ రూట్లో డ్యూటీలో ఉన్నారో డిపో నుంచి లెటర్ తెచ్చి జత చేశాం. సెల్ఫీ తీసిన టైముకి ఆయన తొర్రూరు బస్సులో టికెట్లు కొడుతున్నారు. అక్టోబర్ చివరికల్లా ఫ్రాడ్ అకౌంట్ అని ఒప్పుకుంటూ లెటర్ ఇచ్చారు, ఎంట్రీ తీసేశారు.

రెండో కంపెనీ మొండికేసింది. "ఓటీపీ వెరిఫై అయింది, కాబట్టి లోన్ కస్టమర్‌దే" అని ఒకే వాక్యం తిప్పి తిప్పి పంపారు. ఇంకోపక్క వాళ్ళ రికవరీ ఏజెంట్లు డిపోకి ఫోన్ చేసి కంట్రోలర్‌తో మాట్లాడటం మొదలుపెట్టారు, రాత్రి పది తర్వాత ఆయన భార్యకి ఫోన్లు. పొద్దున 8 లోపు, రాత్రి 7 తర్వాత రికవరీ కాల్స్ చేయకూడదని ఆర్‌బీఐ 2022 ఆగస్టులోనే చెప్పింది. ఆమె భయపడి ఫోన్ స్విచాఫ్ చేసుకుని పడుకునేది. నేను ఆమెకి చెప్పింది ఒకటే, అమ్మా మీరు తిట్టొద్దు, బతిమాలొద్దు, ఎవరు మాట్లాడుతున్నారో పేరు అడగండి, రికార్డ్ చేయండి, పెట్టేయండి. ఆ రికార్డింగులు, కాల్ లాగ్ మొత్తం ఫైల్‌కి చేరాయి. ఈ దశలో కుటుంబం పడే నరకం బయటివాళ్ళకి అర్థం కాదు, చెయ్యని అప్పుకి పనిచేసే చోట తలవంచుకోవాల్సి రావడం చిన్న విషయం కాదు. డిపో మేనేజర్‌కి ఎఫ్ఐఆర్ కాపీతో ఒక లెటర్ ఇప్పించా, ఆ ఒక్క కాగితంతో అక్కడ మాటలు ఆగాయి.

30 రోజులు గడిచాయి, సరైన జవాబు లేదు, ఆర్‌బీఐ ఇంటిగ్రేటెడ్ అంబుడ్స్‌మన్ స్కీమ్ 2021 కింద (బ్యాంకులు, లోన్ కంపెనీల మీద ఫిర్యాదులు వినే వ్యవస్థ) సీఎంఎస్ అనే పోర్టల్లో ఫిర్యాదు పెట్టాం. ముందు కంపెనీకి రాసి, వాళ్ళు కాదనేదాకా లేదా 30 రోజులు ఆగకుండా అక్కడికి వెళ్తే తీసుకోరు, అందుకే మొదటి ఈమెయిల్ తేదీకి అంత విలువ. ఫిర్యాదులో కథ చెప్పలేదు, మూడు పాయింట్లే: ఓటీపీ వెళ్ళిన నంబర్‌ని కస్టమర్ నాట్ మై నంబర్ అని రిపోర్ట్ చేశారు, సెల్ఫీ కస్టమర్‌ది కాదు, డబ్బు పడిన అకౌంట్ మీద ఎఫ్ఐఆర్ ఉంది. అప్పుడు గానీ కంపెనీ యూటీఆర్ ఇవ్వలేదు, ఆ యూటీఆర్ నేరుగా పద్నాలుగు రూపాయల వడ్డీ వచ్చిన ఆ అకౌంట్‌కే వెళ్ళింది. ఇక వాళ్ళు మాట్లాడటానికి ఏమీ మిగల్లేదు.

మూడోది చూడ్డానికి చిన్నది, తిప్పలు మాత్రం అన్నిటికంటే ఎక్కువ. అమ్మేసిన లోన్ కాబట్టి రిపోర్ట్‌లో రెండు చోట్ల ఉంది, పాత కంపెనీ కింద రైటాఫ్ అని, కొన్న కంపెనీ కింద బకాయి అని. పాతవాళ్ళు మా దగ్గర లేదు వాళ్ళని అడగండి అంటారు, కొన్నవాళ్ళు డాక్యుమెంట్లు మాకు రాలేదు వాళ్ళని అడగండి అంటారు. ఇద్దరికీ ఒకే ఈమెయిల్, ఒకరికి రాసినప్పుడు రెండోవాళ్ళని కాపీలో పెట్టి, బ్యూరోని కూడా కలిపి రాయడం మొదలుపెట్టాకే కదిలింది. క్రెడిట్ బ్యూరోలు 2022 సెప్టెంబర్ నుంచి అంబుడ్స్‌మన్ పరిధిలోకి వచ్చాయి, ఆ సంగతి లెటర్లో రాస్తే జవాబులో తేడా కనపడుతుంది.

నష్టపరిహారం గురించి చాలామందికి తెలీదు. ఆర్‌బీఐ 2023 అక్టోబర్ 26న ఇచ్చిన సర్క్యులర్ 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది, రిపోర్ట్ తప్పు మీద ఫిర్యాదు 30 రోజుల్లో తేల్చకపోతే ఆ తర్వాత రోజుకి 100 రూపాయల చొప్పున కస్టమర్‌కి ఇవ్వాలి. అందులో లోన్ కంపెనీ 21 రోజుల్లో సరిచేసిన డేటా పంపకపోతే డబ్బు కంపెనీ కడుతుంది, కంపెనీ టైముకి పంపినా బ్యూరో మార్చకపోతే బ్యూరో కడుతుంది. రెండో కంపెనీ నుంచి నాలుగు వేల పైచిలుకు ఆయన అకౌంట్‌కి వచ్చింది. పడ్డ కష్టానికి అది ఏ మూలకీ చాలదు, కానీ తప్పు వాళ్ళదని ఒప్పుకున్న కాగితం అది, నాకు ఆ డబ్బు కన్నా ఆ ఒప్పుకోలే విలువైనది.

2025 జనవరిలో కొత్త ఏడాది ఫ్రీ రిపోర్టులు మళ్ళీ నాలుగూ తీశాం. మూడింట్లో శుభ్రం, ఒక బ్యూరోలో మొదటి లోన్ ఇంకా అలాగే ఉంది! కంపెనీ తీసేశామని లెటర్ ఇచ్చింది అక్టోబర్లో. ఆ లెటర్ జత చేసి ఆ బ్యూరోలో డిస్ప్యూట్ పెడితే పోయింది. లోన్లు పోయినా పుణె అడ్రస్, దొంగ ఫోన్ నంబర్లు, ఎంక్వైరీలు మిగిలే ఉన్నాయి, వాటి కోసం విడిగా అడగాలి, అడక్కపోతే ఎవరూ తీయరు. ఆ నంబర్ రిపోర్ట్‌లో ఉన్నంత కాలం రేపు ఇంకో కంపెనీ దాన్ని ఈయన నంబరే అని నమ్ముతుంది. సీకేవైసీ రికార్డు (బ్యాంకులన్నీ వాడే ఉమ్మడి కేవైసీ రికార్డు) కూడా తన బ్యాంకు ద్వారా సొంత మొబైల్, అడ్రస్‌తో అప్‌డేట్ చేయించుకున్నారు. ఆధార్ బయోమెట్రిక్ లాక్ పెట్టుకున్నారు, ఎక్కడైనా ఆధార్ కాపీ ఇవ్వాల్సి వస్తే మాస్క్‌డ్ ఆధారే (చివరి నాలుగు అంకెలే కనపడేది), జిరాక్స్ మీద ఎందుకు ఇస్తున్నారో, తేదీ, అడ్డంగా రాసి ఇస్తున్నారు.

మధ్యలో డాలస్‌లో ఉండే ఆయన మేనల్లుడు ఫోన్ చేసి "మామా, క్రెడిట్ ఫ్రీజ్ చేయించు, అయిపోతుంది" అన్నాడు. అమెరికాలో 2018 సెప్టెంబర్ నుంచి చట్టప్రకారం ఫ్రీగా బ్యూరో ఫైల్ ఫ్రీజ్ చేసుకోవచ్చు, మనం తీసేదాకా కొత్తగా ఎవరూ లోన్ ఇవ్వడానికి మన రిపోర్ట్ చూడలేరు. అలాంటి చట్టం మనకి లేదు, ఉండాలి, గట్టిగా అడగాల్సిన విషయం ఇది. పాన్ నంబర్ ఒకసారి బయటికి పోతే మార్చుకునేది కాదు, పాస్‌వర్డ్ కాదు కదా. ఇప్పటికి మన దగ్గర ఉన్నది, రిపోర్ట్ ఎవరైనా చూస్తే ఎస్ఎంఎస్ లేదా ఈమెయిల్ రావాలన్న ఆర్‌బీఐ రూల్, అది కూడా బ్యూరో దగ్గర మన సరైన నంబర్ ఉంటేనే పనిచేస్తుంది.

స్కోరు నెమ్మదిగా ఏడు వందలు దాటింది. 2025 వేసవిలో వేరే బ్యాంకు హోమ్ లోన్ ఇచ్చింది, ఎఫ్ఐఆర్, మూడు కంపెనీల ఫ్రాడ్ లెటర్లు, పాత కొత్త రిపోర్టులు అన్నీ అడిగి చూశాకే ఇచ్చింది. పునాది పని మొదలైంది. క్రిమినల్ కేసు మాత్రం ఇంకా దర్యాప్తులోనే ఉంది, షాపు కుర్రాడు పని మానేసి వెళ్ళిపోయాడు, సిమ్ ఎవరు అమ్మారో ఆ వివరాలు పోలీసులు కంపెనీ నుంచి తెప్పించారు, ఆ దొంగ అకౌంట్ స్టేట్‌మెంట్ కోసం సురక్ష సంహిత 94 కింద బ్యాంకుకి నోటీసు వెళ్ళింది. స్టేట్‌మెంట్ వస్తే 60 వేలు అక్కడి నుంచి ఎటు పోయాయో తెలుస్తుంది, అప్పుడు ఇంకో పిటిషన్ వేస్తాం.